గురుడి పన్నెండేళ్ళు, సూర్యుడి ఇరవై రెండు కోట్ల ఏళ్ళు

గోదావరికి 2003లో పుష్కరాలు వచ్చాయి. 2015లో వచ్చాయి. మళ్ళీ 2027లో. కృష్ణకు 2004, 2016, ఆపైన 2028. ఏడాదికో నది చొప్పున పన్నెండు నదుల వంతూ అయ్యేసరికి పన్నెండేళ్ళు నిండుతాయి. ఈ లెక్కను నడిపేది గురు గ్రహం. అది ఆకాశంలో ఏడాదికి దాదాపు ఒక రాశి దాటుతుంది. సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు పుష్కరం. అంటే గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో టెలిస్కోపు పుట్టకముందే మన పంచాంగాల్లో ఉంది. ఇప్పటి కచ్చితమైన కొలత 11.86 సంవత్సరాలు.

పన్నెండుకీ దానికీ తేడా ఒక్క చుట్టుకు 50 రోజులు. ఏడెనిమిది చుట్లలో ఆ రోజులన్నీ పోగుపడి ఏడాది అవుతుంది. అందుకే సుమారు 85 ఏళ్ళకోసారి ఈ లెక్క ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది. హరిద్వార్‌లో 2010 తర్వాత కుంభమేళా 2022లో కాకుండా 2021లోనే జరగడానికి కారణం ఇదే.

శని సంగతీ అంతే. ఏలినాటి శని ఏడున్నరేళ్ళంటారు: మూడు రాశులు, రాశికి రెండున్నరేళ్ళు. ఆ లెక్కన పన్నెండు రాశులకు ముప్పై ఏళ్ళు. ఇప్పటి కొలత 29.46. ఆ ఏడున్నరేళ్ళ ఫలితాల మీద నాకు నమ్మకం లేదు. ఆ అంకె వెనుక తరతరాలుగా రాత్రిళ్ళు మేలుకుని ఆకాశం చూసినవాళ్ళ ఓపిక మీద మాత్రం అపారమైన గౌరవం ఉంది.

ఖగోళశాస్త్రం గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళకు పుస్తకాలు ముందుగా పెద్ద పెద్ద అంకెలు చూపిస్తాయి. ఇన్ని కోట్ల కిలోమీటర్లు, ఇన్ని లక్షల కాంతి సంవత్సరాలు అని చదివి, అవునేమో అనుకుని పేజీ తిప్పేస్తాం. అలా తిప్పేయనక్కర్లేదు. ఈ అంకెల్లో చాలావాటిని కాగితం మీద మనమే సరిచూసుకోవచ్చు. గురుడి పన్నెండేళ్ళ నుంచి పాలపుంత నడిమధ్య దాకా తీసుకెళ్ళే గుణకారం ఒకటుంది.

వర్గం ఒకవైపు, ఘనం ఒకవైపు

డెన్మార్క్‌కు చెందిన టైకో బ్రాహీ టెలిస్కోపు లేకుండానే, కోణాలు కొలిచే పెద్ద పెద్ద పరికరాలతో ఒక చిన్న దీవి మీద కూర్చుని ఇరవై ఏళ్ళు గ్రహాల స్థానాలు రాసి పెట్టాడు. 1601లో ఆయన పోయాక ఆ రాతలు జొహన్నెస్ కెప్లర్ చేతికి వచ్చాయి. వాటితో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి, 1618 మేలో కెప్లర్ ఒక సంబంధం పట్టుకున్నాడు. మరుసటేడు పుస్తకంలో అచ్చు వేశాడు.

సంబంధం ఇది. గ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టే సంవత్సరాలను వర్గం చేయాలి. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకుని, ఆ గ్రహం దూరం దానికి ఎన్ని రెట్లో చూసి ఘనం చేయాలి. రెండూ సమానం.

గురుడి దూరం 5.2 రెట్లు. 5.2ను మూడుసార్లు వేసి గుణిస్తే 140.6. కాలం 11.86, దాన్ని దానితోనే గుణిస్తే 140.7. శని దూరం 9.54 రెట్లు, ఘనం 868. కాలం 29.46, వర్గం 868. కుజుడి దూరం 1.524, ఘనం 3.54. కాలం 1.88 ఏళ్ళు, వర్గం 3.53. దశాంశాలు ఇంకా రెండు వేసుకుంటే ఈ కాస్త తేడా కూడా పోతుంది.

గ్రహం దగ్గరకు వెళ్ళకుండా అది ఎన్ని రెట్ల దూరంలో ఉందో ఎలా తెలిసింది? వేగుచుక్కను చూస్తే అర్థమవుతుంది. తెల్లవారుజామున తూర్పున, కొన్ని నెలల తర్వాత సాయంత్రం పడమట కనిపించే శుక్రుడు సూర్యుడి నుంచి ఎంత పక్కకు జరిగినా సగటున 46.3 డిగ్రీల దగ్గర ఆగిపోతాడు. అర్ధరాత్రి నడినెత్తిన శుక్రుణ్ణి ఎవరూ చూడలేదు, చూడబోరు. ఆ గరిష్ఠ కోణం దగ్గర భూమి, శుక్రుడు, సూర్యుడు కలిసి ఒక లంబకోణ త్రిభుజం అవుతాయి. లంబకోణం శుక్రుడి దగ్గర, కర్ణం భూమి నుంచి సూర్యుడికి. 46.3 డిగ్రీలకు సైన్ విలువ 0.723. అంటే భూమి దూరం 1 అయితే శుక్రుడి దూరం 0.723. ఘనం చేస్తే 0.378. శుక్రుడి ఏడాది 224.7 రోజులు, అంటే మన ఏడాదిలో 0.615 వంతు. దాని వర్గమూ 0.378. పదో తరగతి త్రికోణమితితో, కంటికి కనిపించే ఒక చుక్కతో ఇంత దూరం వచ్చాం.

కెప్లర్‌కు సంబంధం దొరికింది గానీ అది ఎందుకలా ఉందో తెలియలేదు. 1687లో న్యూటన్ ఆ కారణం చెప్పాడు: గురుత్వాకర్షణ. దూరం పెరిగేకొద్దీ సూర్యుడి పట్టు సడలుతుంది, గ్రహం నెమ్మదిస్తుంది. బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగెడితే భూమి 30, గురుడు 13, చిట్టచివరి నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లు. ఈ తగ్గుదలను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది. న్యూటన్ ఇంకో తాళంచెవి కూడా ఇచ్చాడు. ఘనాన్ని వర్గంతో భాగిస్తే వచ్చేది మధ్యలో ఉన్న ద్రవ్యరాశి. గ్రహాలన్నిటికీ జవాబు 1 వస్తున్నదంటే మధ్యలో ఉన్నది ఒక సూర్యుడు కాబట్టి. జవాబు 40 లక్షలు వస్తే మధ్యలో ఉన్నది 40 లక్షల సూర్యుల బరువు.

కిలోమీటర్ల కోసం రెండు వందల ఏళ్ళు

ఇంతవరకూ వచ్చినవన్నీ రెట్లే. భూమికి సూర్యుడు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాడన్నది తేలితే తప్ప మిగతావేవీ కిలోమీటర్లలోకి మారవు. ఆ ఒక్క అంకె కోసం మనుషులు పడిన పాట్లు తక్కువ కావు.

1716లో ఎడ్మండ్ హేలీ ఒక ఉపాయం ప్రకటించాడు. అరుదుగా శుక్రుడు సరిగ్గా సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోతాడు. భూమ్మీద దూరదూరంగా ఉన్న చోట్ల నుంచి చూస్తే ఆ దాటే దారి కాస్త పైకీ కిందకీ జరిగినట్టు కనిపిస్తుంది, దాటే సమయం మారుతుంది. ఆ తేడాతో సూర్యుడి దూరం కట్టవచ్చు. అయితే ఈ శుక్ర సంక్రమణం ఎనిమిదేళ్ళ ఎడంతో రెండుసార్లు వచ్చి, ఆ తర్వాత వందేళ్ళకు పైగా రాదు. 1761, 1769. తర్వాత 1874, 1882. తర్వాత 2004, 2012. ఇక వచ్చేది 2117లో.

1761 కోసం ఫ్రాన్స్ నుంచి గిలోమ్ లె జెంటిల్ పుదుచ్చేరికి ఓడెక్కాడు. దారిలో ఉండగానే పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయిందని తెలిసింది. సంక్రమణం నాటికి నడిసముద్రంలో ఉన్నాడు. ఊగే ఓడ మీద నుంచి చూసిన సమయం దేనికీ పనికిరాలేదు. ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే ఉండిపోయి, 1769కి పుదుచ్చేరిలో చక్కటి పరిశీలనశాల కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆ ఉదయం మబ్బు పట్టింది. 1771లో ఇంటికి చేరేసరికి ఆయన చనిపోయాడని అక్కడ నిర్ధారించేసి, ఆస్తి పంపకాలకు కూర్చున్నారు.

1874 డిసెంబరు 9న సంక్రమణం మన తీరంలో కనిపించింది. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో నెలకొల్పిన పరిశీలనశాల ఉండేది. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ ఉదయం శుక్రుడి దారిని చూసి, సమయాలు నమోదు చేశాడు. ఆ పరిశీలన లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ప్రపంచమంతా ఒక్క అంకె కోసం కళ్ళు కాయలు కాసేలా చూసిన ఉదయాన విశాఖలో ఒక తెలుగువాడు కూడా గడియారం పక్కన పెట్టుకుని కూర్చున్నాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. శుక్రుడు సూర్యుడి అంచు దాటి లోపలికి వచ్చే క్షణాన ఆ నల్లటి చుక్క ఒక్కసారిగా విడిపోదు. అంచుకు అతుక్కున్నట్టు సాగుతుంది. ఎప్పుడు విడిపోయిందో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కూడా ఒకే సెకను చెప్పలేరు. అందుకే ఆశించినంత కచ్చితత్వం రాలేదు.

చివరికి 1961లో మాట తేలింది. శుక్రుడి మీదికి రేడియో తరంగాలు పంపి, అవి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచారు. శుక్రుడు మనకు అతి దగ్గరగా, 4.2 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు ఆ రానూపోనూ ప్రయాణానికి పట్టేది 280 సెకన్లు. భూమికీ శుక్రుడికీ మధ్య దూరం 0.277 రెట్లని మనకు ముందే తెలుసు, ఒకటిలోంచి 0.723 తీసేస్తే చాలు. 4.2 కోట్లను 0.277తో భాగిస్తే 15 కోట్ల పైచిలుకు. కక్ష్యలు పూర్తి గుండ్రం కావు కనుక దాన్ని కూడా సరిచేస్తే 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. 2012లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఈ అంకెను మీటరుతో సహా స్థిరపరిచింది: 1,49,59,78,70,700 మీటర్లు. వెలుతురుకు ఈ దూరం 8 నిమిషాల 19 సెకన్లు.

ఇప్పుడు గ్రహాలన్నీ కిలోమీటర్లలోకి వచ్చేస్తాయి. ఒక కోటి కిలోమీటర్లను ఒక మీటరు అనుకుందాం. సూర్యుడు 14 సెంటీమీటర్ల పంపరపనసకాయ. బడి గేటు దగ్గర దాన్ని పెడితే, బుధుడు 5.8 మీటర్ల దగ్గర, అంటే దాదాపు పంతొమ్మిది అడుగుల దూరంలో ఉంటాడు. భూమి 15 మీటర్ల దూరంలో ఆవగింజ కన్నా చిన్నది, 1.3 మిల్లీమీటర్లు. చంద్రుడు దానికి 4 సెంటీమీటర్లలోపే. మనిషి ఇంతవరకూ వెళ్ళిన గరిష్ఠ దూరం ఆ కాస్తే. గురుడు 78 మీటర్ల దగ్గర, ఒకటిన్నర సెంటీమీటరు కన్నా కాస్త తక్కువ. శని 143, యురేనస్ 287, నెప్ట్యూన్ 450 మీటర్లు. 1977లో బయలుదేరిన వాయేజర్-1, మనిషి పంపిన వాటిలో అన్నిటికన్నా దూరం వెళ్ళినది, రెండున్నర కిలోమీటర్ల దగ్గర ఉంది.

ఆ తర్వాత ఏముంది? ఇదే కొలతలో మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4,020 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మన దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కిలోమీటర్లు. ఊళ్ళో బడి పక్కన సౌరకుటుంబం మొత్తం సర్దుకుంటే, పక్క ఇల్లు దేశం దాటాక గానీ రాదు. ఈ మధ్యనున్నదంతా దాదాపు శూన్యం. వాయేజర్ సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో అంత దూరం పోవాలంటే 75 వేల సంవత్సరాలు పడుతుంది.

లెక్క తప్పిన రెండు గ్రహాలు

1781లో విలియం హెర్షెల్ కనిపెట్టిన యురేనస్ కొన్ని దశాబ్దాలకే లెక్కకు లొంగడం మానేసింది. ఉండాల్సిన చోట ఉండదు. న్యూటన్ సూత్రం అంత దూరాన తప్పుతోందా, లేక కనిపించని గ్రహమేదో దాన్ని లాగుతోందా? ఫ్రాన్స్‌లో లె వెరియే రెండోదే అనుకుని, ఆ కనిపించని గ్రహం ఎక్కడుండాలో కాగితం మీద కట్టి బెర్లిన్‌కు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే యోహాన్ గాలె టెలిస్కోపు తిప్పాడు. చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ దూరంలో నెప్ట్యూన్ ఉంది. కలంతో కనుక్కున్న గ్రహమది.

బుధుడు కూడా లెక్క తప్పాడు. అతని కక్ష్య శతాబ్దానికి 43 కోణ సెకన్ల మేర అదనంగా జరుగుతోంది. కోణ సెకను అంటే డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒకటి. లె వెరియే ఈసారీ అదే మందు వేశాడు: సూర్యుడికి ఇంకా దగ్గరలో వల్కన్ అనే గ్రహం ఉండాలన్నాడు. గ్రహణాల సమయంలో దశాబ్దాల పాటు వెతికారు. అది లేదు. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం చెప్పాక, ఆ 43 కోణ సెకన్లు ఏ గ్రహమూ అక్కర్లేకుండానే లెక్కలోంచి వచ్చాయి.

ఒకేలాంటి రెండు తప్పులు. ఒకచోట కనిపించని వస్తువు నిజంగా ఉంది, రెండోచోట సూత్రమే మారాల్సి వచ్చింది. ఖగోళశాస్త్ర చరిత్రలో ఇంతకన్నా విలువైన జంట కథ నాకు కనిపించలేదు. ఇవాళ్టి అతి పెద్ద ప్రశ్న దగ్గర శాస్త్రజ్ఞులు సరిగ్గా ఈ కూడలిలోనే నిలబడి ఉన్నారు. దాని దగ్గరికే వెళుతున్నాం.

1930లో దొరికిన ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తప్పించారు. అప్పటి నుంచి గ్రహాలు ఎనిమిది. సౌరకుటుంబం బరువులో 99.86 శాతం సూర్యుడిదే కాబట్టి, ఆ చేర్పులూ తీసివేతలూ మన లెక్కను పెద్దగా కదిలించవు.

గుంటూరులో చూసిన వెలుగు

నక్షత్రాల దూరానికి భూమి కక్ష్యే కొలబద్ద. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి అదే నక్షత్రాన్ని చూస్తే మనం చూసే చోటు 30 కోట్ల కిలోమీటర్లు మారుతుంది. దగ్గరి నక్షత్రం వెనకనున్న దూరపు నక్షత్రాల మీద ఇసుమంత పక్కకు జరిగినట్టు అగుపిస్తుంది. ఆ జరుగుబాటు కొలిచి 1838లో ఫ్రెడరిక్ బెసెల్ హంస మండలంలోని 61 సిగ్ని అనే నక్షత్రం 10.3 కాంతి సంవత్సరాల దూరంలో ఉందన్నాడు. ఇప్పటి కొలత 11.4. కాంతి సంవత్సరమంటే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఆయన కొలిచిన కోణం కోణ సెకనులో మూడో వంతు కూడా లేదు.

ఇలా కొలవాలంటే ముందు ఏ నక్షత్రం ఎక్కడుందో పట్టిక కావాలి. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా పరిశీలనశాల, ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన అంతర్జాతీయ పథకంలో తన వంతు తీసుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా వెలువరించింది. గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కనూ మనుషులు కళ్ళతో కొలిచిన కాలమది. 2013లో పైకి వెళ్ళి 2025 జనవరి వరకు పనిచేసిన ఐరోపా ఉపగ్రహం గయా దాదాపు 180 కోట్ల నక్షత్రాలను, అందులో ప్రకాశవంతమైనవాటిని కోణ సెకనులో సుమారు 40 వేలో వంతు కచ్చితత్వంతో కొలిచింది.

దూరం తెలిస్తే సరిపోదు, వేగం కూడా కావాలి. దానికి దారి చూపింది వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటం. 1868 ఆగస్టు 18న మన కోస్తా మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియరీ జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకుని, సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడే గుంటూరులో చూసి నిరూపించాడు. ఆ గ్రహణంలో పలువురు గమనించిన ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద ఆ వాయువు చేతికి చిక్కింది 1895లోనే.

ఈ గీతలే వేగాన్నీ చెబుతాయి. వెలుగు చిమ్మే వస్తువు మనవైపు వస్తుంటే గీతలు నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే సెకనుకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

పాలపుంతను తూచడం

వందేళ్ళ కిందటి దాకా పాలపుంతే సర్వస్వమనీ, దాని అవతల ఏమీ లేదనీ చాలామంది పండితులు నమ్మారు. ఆ నమ్మకాన్ని మార్చిన కొలబద్ద హెన్రియెట్టా లెవిట్ ఇచ్చింది. హార్వర్డ్‌లో గంటకు 30 సెంట్ల కూలికి ఫొటో పలకల మీద చుక్కలు కొలిచే ఉద్యోగం ఆమెది. కొన్ని నక్షత్రాలు లయ తప్పకుండా వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి. అలాంటివి 25 తీసుకుని, ఎంత ప్రకాశవంతమైనదైతే అంత నెమ్మదిగా లయ సాగుతుందని 1912లో ఆమె చూపింది. అంటే లయను బట్టి అసలు వెలుగెంతో తెలుస్తుంది. మనకు కనిపించే వెలుగుతో పోల్చితే దూరం తేలుతుంది.

1923 అక్టోబరులో మౌంట్ విల్సన్ కొండ మీది వంద అంగుళాల టెలిస్కోపుతో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా అనే మసక మచ్చను ఫొటో తీశాడు. అందులో ఒక చుక్క దగ్గర, ఉన్నట్టుండి వెలిగే నోవా అనుకుని ‘ఎన్’ అని గుర్తు పెట్టాడు. పాత పలకలతో పోల్చి చూశాక ఆ అక్షరం కొట్టేసి ‘వార్!’ అని రాశాడు, లయతో మారే నక్షత్రమని. లయ 31 రోజులు. లెవిట్ సూత్రంతో దూరం 9 లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. ఇప్పటి సరిదిద్దిన కొలత 25 లక్షలు. ఏదైనా సరే, లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న పాలపుంతలో అది పట్టదు. అది ఇంకో పాలపుంత. నవంబరు, డిసెంబరు నెలల్లో వెన్నెల లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా వెళితే ఆండ్రోమెడా మామూలు కంటికే కనిపిస్తుంది.

మన పాలపుంతలో 10 వేల కోట్ల నుంచి 40 వేల కోట్ల నక్షత్రాలు ఉంటాయని అంచనా. దాని కేంద్రం మనకు 26,700 కాంతి సంవత్సరాల దూరంలో ధనూ రాశిలో ఉంది. జూన్ రాత్రుల్లో దక్షిణాన వృశ్చికం తోక చివర మూల నక్షత్రం కనిపిస్తే, దానికి కాస్త పైన, ఎడమవైపు చూడండి. అక్కడ ధూళి అడ్డు కాబట్టి కంటికి ఏమీ దొరకదు గానీ, పరారుణ కిరణాలు ధూళిని దాటుకుని వస్తాయి. వాటితో రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందాలు 1990ల నుంచీ ఎస్-2 అనే నక్షత్రాన్ని వెంటాడాయి. అది ఏమీ కనిపించని ఒక బిందువు చుట్టూ 16 ఏళ్ళకోసారి తిరుగుతోంది. 2018 మేలో ఆ బిందువుకు అతి దగ్గరగా వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు ఏడున్నర వేల కిలోమీటర్లు దాటింది.

మన గుణకారం చేద్దాం. ఎస్-2 కక్ష్య సగటు దూరం, భూమి నుంచి సూర్యుడి దూరానికి గుండ్రంగా వెయ్యి రెట్లు. వెయ్యి ఘనం 100 కోట్లు. 16 వర్గం 256. భాగిస్తే 39 లక్షలు. ముడి అంకెలు పక్కనపెట్టి కచ్చితమైన కొలతలు వేస్తే 43 లక్షలు. ఆ కనిపించని బిందువులో 43 లక్షల సూర్యుల ద్రవ్యం ఉంది. అది కృష్ణబిలం. ఈ పనికి 2020లో ఆ ఇద్దరికీ, రోజర్ పెన్‌రోజ్‌తో పాటు, నోబెల్ బహుమతి వచ్చింది. దాని నీడ చిత్రం 2022 మేలో విడుదలైంది. కెప్లర్ గురుడి కోసం రాసిన లెక్క, నాలుగు వందల ఏళ్ళ తర్వాత, గుర్తే మారకుండా కృష్ణబిలాన్ని తూచింది.

సూర్యుడు కూడా ఈ కేంద్రం చుట్టూ తిరుగుతున్నాడు. వేగం సెకనుకు సుమారు 230 కిలోమీటర్లు, ఒక చుట్టుకు 22 కోట్ల సంవత్సరాలు. వయసు 460 కోట్ల ఏళ్ళు కాబట్టి ఇప్పటికి ఇరవై పైచిలుకు చుట్లు. కిందటిసారి ఇదే చోట ఉన్నప్పుడు భూమ్మీద డైనోసార్లు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఒక కాంతి సంవత్సరం భూమి–సూర్యుల దూరానికి 63,241 రెట్లు, అంటే సూర్యుడి కక్ష్య దూరం 169 కోట్ల రెట్లు. దాన్ని ఘనం చేసి, 22 కోట్ల వర్గంతో భాగించండి. దాదాపు 10 వేల కోట్లు వస్తుంది. సూర్యుడి కక్ష్య లోపల అన్ని సూర్యుల బరువుందన్నమాట.

ఇక్కడిదాకా అంతా సవ్యమే. నక్షత్రాలు చాలావరకు కేంద్రం దగ్గరే గుమిగూడి ఉంటాయి కాబట్టి, బయటికి పోయేకొద్దీ వేగం తగ్గాలి, బుధుడి 47 నుంచి నెప్ట్యూన్ 5.4 దాకా తగ్గినట్టు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ కలిసి ఆండ్రోమెడాలో 67 చోట్ల వాయు మేఘాల వర్ణపటాలు తీసి వేగాలు కొలిచారు. వేగం తగ్గలేదు. అంచుల్లో కూడా దాదాపు అంతే వేగం. తర్వాత చూసిన గెలాక్సీ తర్వాత గెలాక్సీలోనూ అదే కథ. ఆ అంచు మేఘాలు ఎగిరిపోకుండా పట్టి ఉంచాలంటే, కనిపించే నక్షత్రాల బరువు చాలదు. పాలపుంత మొత్తం బరువు లక్ష కోట్ల సూర్యుల దరిదాపులో ఉండాలని చాలా లెక్కలు చెబుతున్నాయి. నక్షత్రాలన్నీ కలిపినా అందులో పదో వంతు రావు.

మిగతాది కృష్ణపదార్థం అంటున్నారు. అది వెలుగు ఇవ్వదు, వెలుగును అడ్డదు, లాగడం మాత్రం చేస్తుంది. దాని రేణువు ఇంతవరకూ ఏ ప్రయోగశాలలోనూ చిక్కలేదు. ఇది నెప్ట్యూన్ కథ అవుతుందా, వల్కన్ కథ అవుతుందా? ఎక్కువమంది శాస్త్రజ్ఞులు నెప్ట్యూన్ వైపే ఉన్నారు. గెలాక్సీ గుంపులు వెనకనున్న వెలుగును వంచే తీరు కూడా అటే మొగ్గుతోంది. సూత్రాన్నే సవరించాలనేవాళ్ళు కొద్దిమందే గానీ, బుధుడి కథ తెలిసినవాళ్ళెవరూ వాళ్ళను తేలిగ్గా తీసెయ్యరు. చిలీలో వెరా రూబిన్ పేరుతోనే కట్టిన పరిశీలనశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. దాని కెమెరా 3,200 మెగాపిక్సెళ్ళు. పదేళ్ళ పాటు దక్షిణాకాశాన్ని మళ్ళీ మళ్ళీ ఫొటో తీయడం దాని పని, కృష్ణపదార్థం జాడ తీయడం దాని లక్ష్యాల్లో ఒకటి.

లెక్కలు చెప్పే మాస్టార్లకూ టీచర్లకూ ఒక విన్నపం. యురేనస్ దూరం 19.19 రెట్లు, కాలం 84 ఏళ్ళు. నెప్ట్యూన్ దూరం 30.07 రెట్లు, కాలం 164.8 ఏళ్ళు. వర్గాలు, ఘనాలు చెప్పే వారంలో ఈ రెండు గ్రహాలనూ బోర్డు మీద రాసి, జవాబు మీరు చెప్పకుండా పిల్లల చేతే కట్టించండి.